కెనడా చదువుకు నాలుగు గడపలు

గత ఏడాది రంజాన్ పండుగ వెళ్ళిన కొద్దిరోజులకు, మగ్రిబ్ నమాజు ముగించుకొని వస్తుంటే మస్జిదు మెట్ల దగ్గర ఒక తండ్రి మమ్మల్ని ఆపాడు. చిన్న టైలరింగ్ షాపు ఆయనది. ఆయన పెద్దమ్మాయి పదో తరగతి వరకు మా బడిలోనే చదివింది. "సార్, మా పాపకు కెనడా వీసా రిజెక్ట్ అయిందంట. ఏజెంటు ఫోనెత్తడం లేదు" అన్నాడు. మర్నాడు కాగితాలన్నీ తెమ్మన్నాము. ముందేసుకొని చూస్తే తెలిసింది, వీసాను ఎవరూ తిరస్కరించలేదు. అసలు ఆ దరఖాస్తును ఏ అధికారీ చదవనే లేదు. జతచేయవలసిన ఒక కాగితం లేదని అలాగే తిప్పి పంపారు.

ఆ కాగితం పేరు ప్రొవిన్షియల్ అటెస్టేషన్ లెటర్. అలాంటిది ఒకటుందని ఆ తండ్రికి గాని, బిడ్డకు గాని ఎవరూ చెప్పలేదు. తల్లి గాజులు అమ్మి కాలేజీకి కట్టిన అడ్వాన్సు అక్కడ ఉండిపోయింది. చేరవలసిన తేదీ దాటిపోయింది.

మన సంస్థ విద్యా కమిటీ ముందుకు ఇలాంటి కాగితాలు వస్తూనే ఉన్నాయి. అందుకే ఈ సావనీరులో కెనడా స్టడీ పర్మిట్ ఎలా వస్తుంది, ఎవరి అనుమతి ఎక్కడ కావాలి, మనవాళ్ళు ఎక్కడ జారిపడుతున్నారు అన్నది వివరంగా రాయాలనుకున్నాము. మేము వీసా నిపుణులం కాము, బడిపంతుళ్ళం. పిల్లలకు దరఖాస్తు ఫారం నింపడం నేర్పినట్టే ఇదీ చెబుతాము.

ఒక దేశం, రెండు ప్రభుత్వాలు

కెనడాలో 10 ప్రొవిన్సులు, 3 టెరిటరీలు ఉన్నాయి. ప్రొవిన్సు అంటే మన రాష్ట్రం లాంటిది. 1867 నాటి వారి రాజ్యాంగ చట్టం విద్యను ప్రొవిన్సుల చేతికి అప్పగించింది. వలసల విషయంలో కేంద్రానికీ, ప్రొవిన్సులకూ ఇద్దరికీ అధికారం ఉంది. కాబట్టి కాలేజీని గుర్తించేది ప్రొవిన్సు, దేశంలోకి రానిచ్చేది కేంద్రం. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతాదంతా తేలిక.

2023 చివరికి ఆ దేశంలో స్టడీ పర్మిట్ ఉన్న విదేశీ విద్యార్థుల సంఖ్య 10 లక్షలు దాటింది. అద్దె ఇళ్ళు దొరకడం లేదని, కొన్ని కాలేజీలు చదువు కన్నా ఫీజుల మీదే కన్నేశాయని అక్కడ పెద్ద చర్చ జరిగింది. దాంతో 2024 జనవరి 22న కేంద్ర ప్రభుత్వం పర్మిట్ల సంఖ్యకు పరిమితి పెట్టింది. ఆ ఏడాదికి సుమారు 3 లక్షల 60 వేలు అని లెక్కకట్టి, జనాభాను బట్టి ప్రొవిన్సులకు పంచింది. ప్రొవిన్సులు తమ వాటాను కాలేజీలకు పంచుకున్నాయి. తర్వాతి సంవత్సరాల్లో లెక్క ఇంకా బిగిసింది. 2026కు మొత్తం 4 లక్షల 8 వేల పర్మిట్లు అన్నారు గాని, అందులో కొత్తగా వచ్చే విద్యార్థులకు కేటాయించింది 1 లక్షా 55 వేలే. మిగతావి ఇప్పటికే అక్కడున్నవారి పొడిగింపులు.

ఈ పంపకానికి రుజువుగా వచ్చిందే అటెస్టేషన్ లెటర్. మన దగ్గర ఎంసెట్‌లో ర్యాంకు వచ్చినా, అలాట్‌మెంట్ ఆర్డరు లేనిదే కాలేజీ చేర్చుకోదు కదా. ఇదీ అలాంటిదే.

మొదటి గడప: కాలేజీ

ఆరు నెలలకు మించిన చదువుకు స్టడీ పర్మిట్ తప్పనిసరి. దానికి మొదట కావలసింది కాలేజీ ఇచ్చే అంగీకార పత్రం, అంటే లెటర్ ఆఫ్ యాక్సెప్టెన్స్. విదేశీ విద్యార్థులను చేర్చుకోవడానికి ప్రొవిన్సు అనుమతి పొందిన సంస్థను డెజిగ్నేటెడ్ లెర్నింగ్ ఇన్‌స్టిట్యూషన్ అంటారు. ప్రతి సంస్థకూ ఒక డీఎల్ఐ నంబరు ఉంటుంది. ఆ జాబితా కెనడా ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. ఏజెంటు కాలేజీ పేరు చెప్పిన రోజే ఆ జాబితా తెరిచి చూడండి.

2023లో బయటపడిన ఒక సంగతి గుర్తుచేయాలి. ముఖ్యంగా పంజాబు నుంచి వెళ్ళిన కొందరు విద్యార్థులు అక్కడ చదువు ముగించి, శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకున్నాక, తాము తెచ్చిన అంగీకార పత్రాలు నకిలీవని తేలింది. తమకు తెలియకుండా ఏజెంటు చేశాడని వారు మొత్తుకున్నారు. నిజంగా మోసపోయినవారిని పంపించబోమని చివరికి ప్రభుత్వం చెప్పింది గాని, వారు పడిన క్షోభ చిన్నది కాదు. ఆ తర్వాత 2023 డిసెంబర్ 1 నుంచి కొత్త పద్ధతి వచ్చింది. ప్రతి అంగీకార పత్రాన్నీ ఇమిగ్రేషన్ శాఖ తిరిగి కాలేజీకే పంపి, ఇది మీరిచ్చిందేనా అని అడుగుతుంది. కాలేజీ 10 రోజుల్లో అవునని చెప్పాలి. లేకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది.

జాబితాలో ఉన్నంత మాత్రాన ప్రతి కాలేజీ మంచిదని కాదు. 2022 జనవరిలో క్యూబెక్ ప్రొవిన్సులో మూడు ప్రైవేటు కాలేజీలు అప్పుల పాలై మూతబడ్డాయి. నష్టపోయినవారిలో ఎక్కువమంది భారతీయ విద్యార్థులే. కాలేజీ ప్రభుత్వానిదా ప్రైవేటుదా, పర్మిట్ రాకపోతే ఫీజులో ఎంత తిరిగి ఇస్తారు, ఎన్నాళ్ళలో ఇస్తారు? ఈ ప్రశ్నలకు కాలేజీ నుంచే ఈమెయిలులో జవాబు తెప్పించుకోవాలి. ఏజెంటు నోటిమాట చాలదు.

రెండో గడప: ప్రొవిన్సు

మన దర్జీ సోదరుడి బిడ్డ దరఖాస్తు ఆగింది ఇక్కడే. అటెస్టేషన్ లెటరు కోసం విద్యార్థి సాధారణంగా ప్రొవిన్సుకు విడిగా దరఖాస్తు పెట్టుకోనక్కరలేదు. కాలేజీయే తెప్పించి పంపుతుంది. అయితే చాలా కాలేజీలు అడ్వాన్సు ఫీజు కట్టిన తర్వాతే దాన్ని తెప్పిస్తాయి. కాబట్టి అంగీకార పత్రం చేతికి రాగానే "ఇక సీటు ఖాయం" అనుకొని పండగ చేసుకోకూడదు. రెండో కాగితం ఎప్పుడు వస్తుందని కాలేజీని అడగాలి. లెటరు మీద గడువు తేదీ కూడా ఉంటుంది, చూసుకోవాలి.

ఇది అందరికీ అవసరం లేదు. బడి పిల్లలకు అక్కరలేదు. మాస్టర్స్, పీహెచ్‌డీ విద్యార్థుల విషయంలో నిబంధన రెండుసార్లు మారింది. మొదట మినహాయించారు, 2025లో వారికీ తప్పనిసరి చేశారు, 2026 జనవరి 1 నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మాస్టర్స్, డాక్టరేట్ చేసేవారిని మళ్ళీ మినహాయించారు. డిప్లొమా, పోస్ట్ గ్రాడ్యుయేట్ డిప్లొమా, బ్యాచిలర్ డిగ్రీ చదివేవారికి మాత్రం కావాలి. పేరులో "పోస్ట్ గ్రాడ్యుయేట్" అని ఉంది కదా, మాస్టర్స్‌తో సమానమే అనుకొని చాలామంది పొరబడుతున్నారు. మా పూర్వ విద్యార్థిని చేరబోయింది ఆ డిప్లొమాలోనే.

క్యూబెక్ ప్రొవిన్సు దారి వేరు. అక్కడ అధికార భాష ఫ్రెంచి. వలసల విషయంలో 1991లో కేంద్రంతో కుదిరిన ఒప్పందం ప్రకారం వారికి ప్రత్యేక అధికారాలున్నాయి. మాంట్రియల్‌లో గాని, క్యూబెక్ నగరంలో గాని ఆరు నెలలకు మించి చదవాలంటే ముందు ఆ ప్రొవిన్సు ఇమిగ్రేషన్ మంత్రిత్వ శాఖకు విద్యార్థే దరఖాస్తు చేసి, ఫీజు కట్టి, సీఏక్యూ అనే అంగీకార ధ్రువపత్రం పొందాలి. ఖర్చులకు ఎంత డబ్బు చూపాలన్నది కూడా క్యూబెక్ తానే నిర్ణయిస్తుంది. ఆ పత్రం వచ్చాకే కేంద్రానికి దరఖాస్తు. రెండు చోట్లా సమయం పడుతుంది కనుక క్యూబెక్ వెళ్ళేవారు మిగతావారి కన్నా ముందుగా మొదలుపెట్టాలి.

క్యూబెక్ గురించి మన ఆడపిల్లలకు ఇంకొక మాట. 2019లో అక్కడ వచ్చిన ఒక చట్టం ప్రకారం, ఆ తర్వాత నియమితులైన ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు విధుల్లో ఉండగా హిజాబ్ వంటి మతచిహ్నాలు ధరించరాదు. అక్కడ చదివి టీచరు కావాలనుకునే అమ్మాయి ఈ సంగతి తెలుసుకొని నిర్ణయించుకోవాలి.

మూడో గడప: కేంద్రం

ఇక అసలు దరఖాస్తు. కెనడా ఇమిగ్రేషన్ శాఖకు ఆన్‌లైన్‌లో పెట్టాలి. దరఖాస్తు ఫీజు 150 డాలర్లు, వేలిముద్రలు, ఫోటో తీసే బయోమెట్రిక్స్‌కు 85 డాలర్లు. ఇక్కడ డాలర్లంటే కెనడా డాలర్లని గుర్తుంచుకోవాలి. వైద్య పరీక్ష ఆ శాఖ జాబితాలోని డాక్టరు దగ్గరే చేయించుకోవాలి, మన ఫ్యామిలీ డాక్టరు సర్టిఫికెట్టు చెల్లదు. హిజాబ్‌తో ఫోటో దిగవచ్చా అని చాలామంది తల్లులు అడుగుతుంటారు. మతపరమైన తలముసుగుకు అభ్యంతరం లేదు. ముఖం పూర్తిగా, నీడ పడకుండా కనిపించాలి.

అన్నిటికన్నా బరువైనది డబ్బు రుజువు. సుమారు 20 ఏళ్ళపాటు ఒక విద్యార్థి జీవన ఖర్చులకు 10,000 డాలర్లు చూపిస్తే సరిపోయేది. 2024 జనవరి 1న దాన్ని 20,635 డాలర్లు చేశారు. 2025 సెప్టెంబర్ 1 నుంచి 22,895 డాలర్లు. డాలరు 60 రూపాయలే అనుకున్నా ఇది 13 లక్షల 70 వేల రూపాయలు దాటుతుంది. మొదటి ఏడాది ఫీజు, ప్రయాణ ఖర్చులు దీనికి అదనం.

దీన్ని అనేక విధాలుగా చూపవచ్చు. విద్యార్థి పేరున కెనడా బ్యాంకులో జీఐసీ అనే డిపాజిట్ చేయవచ్చు. అక్కడికి చేరాక కొంత చేతికిచ్చి, మిగతాది నెలనెలా ఇస్తారు. గత నాలుగు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, విద్యారుణం మంజూరు పత్రం, డబ్బిచ్చే వ్యక్తి లేదా సంస్థ రాసిన లేఖ, ఫీజు కట్టిన రసీదు కూడా చూపవచ్చు. ఒకప్పుడు ఎస్‌డీఎస్ అనే త్వరిత మార్గం ఉండేది, అందులో జీఐసీ తప్పనిసరి. ఆ మార్గం 2024 నవంబర్ 8న మూసేశారు. ఇప్పటికీ "ఎస్‌డీఎస్‌లో పెట్టిస్తాం" అనే ఏజెంటుకు విషయం తెలియదు, లేదా తెలిసే చెబుతున్నాడు.

వడ్డీ విషయంలో మన సోదరులకు సంకోచం ఉండడం సహజం. అప్పు, డిపాజిట్ల విషయంలో ధర్మం ఏమిటో ఉలమాలను అడిగి తెలుసుకోండి, అది మేము చెప్పవలసింది కాదు. మేము చెప్పగలిగింది వేరే ఉంది. కొందరు ఏజెంట్లు "షో మనీ" పేరుతో కొద్దిరోజులకు డబ్బు తెచ్చి ఖాతాలో వేస్తారు, కమీషన్ తీసుకుంటారు. నాలుగు నెలలు 20 వేలు దాటని ఖాతాలో ఒక్కసారిగా 15 లక్షలు పడితే అధికారికి అనుమానం రాదా? ఇది వడ్డీ కన్నా ముందు అబద్ధం. దరఖాస్తులో అసత్యం తేలితే కెనడా చట్టం ప్రకారం 5 ఏళ్ళపాటు ఆ దేశంలో అడుగుపెట్టనివ్వరు. డబ్బు నిజంగా ఎక్కడి నుంచి వచ్చిందో, స్థలం అమ్మారా, బంగారం అమ్మారా, మామయ్య ఇచ్చాడా, కాగితంతో సహా రాసి పెట్టండి.

తెలంగాణలో మైనారిటీ సంక్షేమ శాఖ ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం కింద పీజీ, పీహెచ్‌డీ చదువులకు 20 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. ఆ పథకం దేశాల్లో కెనడా ఒకటి. అయితే మొదటి విడత కూడా ఆ దేశం చేరిన రుజువు చూపాకే వస్తుంది. కాబట్టి పర్మిట్ దరఖాస్తు నాటికి ఆ డబ్బు చేతిలో ఉన్నట్టు లెక్కవేసుకోవద్దు.

డబ్బు తర్వాత అధికారి చూసేది ఉద్దేశం. ఈ కోర్సు ఎందుకు, ఇప్పటిదాకా చదివినదానికీ దీనికీ సంబంధం ఏమిటి, అనుమతించిన గడువు ముగిస్తే తిరిగి వెళతారా? వీటికి జవాబుగా విద్యార్థి ఒక లేఖ రాయాలి. శాశ్వతంగా ఉండాలనే ఆశ కూడా ఉండడం తప్పుకాదని వారి చట్టమే చెబుతోంది, గడువు మీరకుండా ఉంటారని నమ్మకం కలగాలి అంతే. ఆ లేఖను బిడ్డ తానే రాయాలి. ఇంటర్నెట్టు సెంటరులో వంద మందికి అమ్మిన లేఖలో మన పిల్ల ఎక్కడ కనబడుతుంది?

పేరు దగ్గర తప్పు

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మన పిల్లల పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటాయి. పదో తరగతి మెమోలో "ఎస్‌కే", ఇంటర్‌లో "షేక్", పాస్‌పోర్టులో "షైక్". అలాగే "ఎండీ", "మొహమ్మద్", "మహమ్మద్", "మొహమ్మెద్". మనకివన్నీ ఒకటే. దూరదేశంలో కంప్యూటరు ముందు కూర్చున్న అధికారికి ఇద్దరు ముగ్గురు మనుషులు.

ఆ అమ్మాయి మెమోలో ఇంటిపేరు "ఎస్‌కే" అనే రెండక్షరాలుగా ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఆ ఏడాది నామినల్ రోల్స్ రాసింది ఎవరని పాత ఫైలు తీసి చూస్తే, ఆ రాత మాదే. గడిలో చోటు చాలదని కుదించాము. అప్పుడది పెద్ద విషయమనిపించలేదు. ఇప్పుడు మా బడిలో తొమ్మిదో తరగతిలోనే తండ్రినో తల్లినో పిలిచి, ఆధార్ ముందు పెట్టుకొని, పూర్తి పేరును అక్షరం అక్షరం చదివించి సంతకం తీసుకుంటున్నాము. తోటి ఉపాధ్యాయులకు ఇదే మా మనవి.

ఇప్పటికే తేడా ఉన్నవారు ప్రధానోపాధ్యాయుని ద్వారా బోర్డుకు సవరణ కోరవచ్చు. అది ఆలస్యమయ్యేలా ఉంటే ఈ పేర్లన్నీ ఒకరివేనని అఫిడవిట్ చేయించి, వివరణ లేఖతో జతచేయాలి. దరఖాస్తులో మాత్రం పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే రాయాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, ఉన్న పేరును ఫారంలో ఇంటిపేరు గడిలో రాసి రెండోది ఖాళీగా వదలాలి.

ఉర్దూలో ఉన్న నిఖానామా, తెలుగులో ఉన్న జనన ధ్రువపత్రం వంటివాటికి ఇంగ్లీషు లేదా ఫ్రెంచి అనువాదం, అనువాదకుని అఫిడవిట్, మూలం నకలు, మూడూ ఉండాలి. చదువుకున్న అన్నయ్యో బాబాయో చేసిన అనువాదం చెల్లదు, కుటుంబ సభ్యులు చేయకూడదని నిబంధన.

నాలుగో గడప: విమానాశ్రయం

ఆన్‌లైన్‌లో ఆమోదం వచ్చాక మనకు అందేది పర్మిట్ కాదు. పరిచయ లేఖ, పాస్‌పోర్టులో వీసా స్టాంపు మాత్రమే. అసలు స్టడీ పర్మిట్‌ను కెనడా గడ్డ మీద దిగాక సరిహద్దు అధికారి ఇస్తాడు. అంగీకార పత్రం, అటెస్టేషన్ లెటరు లేదా సీఏక్యూ, డబ్బు రుజువు, ఇవన్నీ చేతి సంచిలో ఉండాలి. సూట్‌కేసులో పెట్టి కార్గోలో వేయకూడదు. ఏ కాలేజీ, ఏ కోర్సు, ఎక్కడ ఉంటావు అని అడిగితే బిడ్డే తడుముకోకుండా చెప్పగలగాలి. పర్మిట్ చేతికి రాగానే పేరు, గడువు తేదీ, పనిచేయవచ్చన్న షరతు సరిగా ఉన్నాయో లేదో అక్కడే చదువుకోవాలి.

వెళ్ళాక కూడా నిబంధనలుంటాయి. తరగతులు జరిగే రోజుల్లో బయట వారానికి 24 గంటలకు మించి పనిచేయకూడదు. 2024 నవంబర్ 8 నుంచి కాలేజీ మారాలంటే కొత్త పర్మిట్ తీసుకోవాలి. చదువు తర్వాత ఉద్యోగానికి ఇచ్చే వర్క్ పర్మిట్ అన్ని కోర్సులకూ రాదు. భాషా పరీక్ష కూడా ఉంది. డిప్లొమాలకు నిర్ణీత రంగాల జాబితా ఉంది. భార్యకో భర్తకో వర్క్ పర్మిట్ వస్తుందని నమ్మి సంబంధాలు కుదుర్చుకునేవారు ఇది తెలుసుకోవాలి. 2025 జనవరి 21 నుంచి 16 నెలలకు తగ్గని మాస్టర్స్, డాక్టరేట్, కొన్ని వృత్తి కోర్సులు చదివేవారి జీవిత భాగస్వాములకే ఆ వీలుంది. డిప్లొమా వారికి లేదు.

ఏజెంటు ఎవరు?

ఏజెంట్లందరూ మోసగాళ్ళని మేము అనడం లేదు. కాని వారికి కాలేజీల నుంచి కమీషన్ వస్తుందని తెలుసుకోవాలి. డబ్బు తీసుకొని మన తరఫున ఇమిగ్రేషన్ శాఖతో వ్యవహరించే హక్కు కెనడా న్యాయవాదులకు, క్యూబెక్ నోటరీలకు, అక్కడి కన్సల్టెంట్ల కాలేజీలో నమోదైనవారికి మాత్రమే ఉంది. ఆ నమోదు జాబితా ఎవరైనా చూడవచ్చు. దరఖాస్తు ఖాతా బిడ్డ ఈమెయిలుతో, బిడ్డ దగ్గరున్న పాస్‌వర్డుతో ఉండాలి. మా దర్జీ సోదరుని విషయంలో ఈమెయిలు ఏజెంటుది. దరఖాస్తు తిరిగొచ్చిన సంగతి ఇంటివారికి అన్ని రోజులు తెలియకపోవడానికి కారణం అదే.

సంతకం బిడ్డది, బాధ్యతా బిడ్డదే. 2019 జనవరిలో అమెరికాలోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం మన తెలుగు ఇళ్ళు మరచిపోలేదు. అది ప్రభుత్వమే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. నిర్బంధించిన భారతీయ విద్యార్థులు 129 మంది, వారిలో మన తెలుగు పిల్లలు చాలామంది. విద్యార్థులను చేర్పించినందుకు అరెస్టయిన ఎనిమిది మందీ తెలుగువారే. దేశం వేరైనా పాఠం ఒక్కటే. మన భాష మాట్లాడినంత మాత్రాన మన మేలు కోరినట్టు కాదు.

చివరగా

ఆ అమ్మాయి కాలేజీకి తానే ఈమెయిలు రాసింది. ప్రవేశాన్ని తర్వాతి టర్మ్‌కు మార్చారు, అడ్వాన్సు పోలేదు. అటెస్టేషన్ లెటరు వచ్చింది. మెమోలో పేరు సవరణకు మేమే బోర్డు ఆఫీసుకు తిరిగాము. ఈసారి ఫారం మన సంస్థ ఆఫీసులో కూర్చొని తానే నింపుకుంది. పక్కన తండ్రి, ఎదురుగా మేము. ఇది రాస్తున్న నాటికి జవాబు రాలేదు. వచ్చినా రాకపోయినా, ఈసారి అందులో ఏముందో ఆమెకు తెలుసు.

ఇక నుంచి విదేశీ చదువుకు సాయం కోరేవారు డబ్బు కట్టక ముందే తమ కాగితాలు మన విద్యా కమిటీకి చూపించాలని మనవి. నిబంధనలు ఏటా మారుతున్నాయి. ఈ వ్యాసంలోని అంకెలను కూడా దరఖాస్తు రోజున కెనడా ప్రభుత్వ వెబ్‌సైటులో సరిచూసుకోండి. తల్లిదండ్రుల కష్టార్జితం పిల్లల చేతిలో అమానత్. దాన్ని ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోవడం మనందరి బాధ్యత.

అల్లాహ్ మన బిడ్డలకు ప్రయోజనకరమైన విద్యను, నిజాయితీ గల దారిని ప్రసాదించుగాక. ఆమీన్.